ఎత్తండి అనే పదవి

మా తెలుగు సంఘంలో ఉపాధ్యక్షురాలంటే ఉగాది నాడు అగ్గిపెట్టె పట్టుకుని నిలబడే మనిషి. వచ్చిన పెద్దమనిషి దీపం వెలిగిస్తాడు, అధ్యక్షుడు మాట్లాడతాడు, నేను అగ్గిపెట్టె అందిస్తాను. "ఆడోళ్లకీ ఒకటి ఇయ్యాల కదేటి" అని ఒక మీటింగులో ఎవరో అంటే అందరూ నా వైపు చూశారు. రైల్వే బుకింగ్ కౌంటర్లో అద్దం వెనక కూర్చుని ఉద్యోగమంతా తెలుగులో, బెంగాలీలో, హిందీలో అరిచిన గొంతు నాది. వద్దని ఒక్కమాట అంటే మళ్లీ అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. పనీ పాటా లేని పదవే కదా, పోనీలెమ్మని ఊరుకున్నాను. చివరికి అదే నా మెడకు చుట్టుకుంది.

అధ్యక్షుడికి మాత్రం పని ఉంది. ఖరగ్‌పూర్‌లో మా వాళ్లందరి తాతలూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చినవాళ్లే. చుట్టాలు ఇంకా అటే ఉన్నారు. పెళ్లికైతే ముందే టిక్కెట్లు తీసుకుని వస్తారు. చావుకి రిజర్వేషన్ ఎవరు చేయించుకుంటారు? వాళ్లు రైలెక్కి దిగేదాకా ఎండాకాలంలో శవం ఆగదు. అందుకని ఇక్కడ ఎవరు పోయినా, అయినవాళ్లు అందకపోతే, సంఘం అధ్యక్షుడే చుట్టం. పాడె వెంట నడిచేదీ ఆయనే, దింపుడు కళ్లం దగ్గర పిలిచేదీ ఆయనే.

మా దింపుడు కళ్లం పూరీ గేట్ అనే రైల్వే గేటు దాటాక, రైల్వే గోడ పక్కనున్న ఖాళీ జాగా. అక్కడ పాడె దింపి, పోయినవాడి చెవి దగ్గర నోరుపెట్టి, పేరుతో మూడుసార్లు పిలుస్తారు. కొనప్రాణం ఉంటే పలుకుతాడని. పలకడు. అప్పుడు పిలిచిన మనిషి లేచి "ఎత్తండి" అంటాడు. ఆ మాట అనేదాకా పాడె లేవదు. గోడకి అటువైపు లైను కాబట్టి, గూడ్సు పోతూ ఉంటే పిలవడానికి ఆగాలి. "పైకి పోయేటోడిక్కూడా లైన్ క్లియర్ కావాల" అని మా ఆయన ప్రతిసారీ అంటాడు. గార్డుగా రిటైరయ్యాడు, ఆయన జోకులన్నీ అలాగే ఉంటాయి.

మా అధ్యక్షుడు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసినాయన. భార్య పోయింది, పిల్లలు లేరు, ఖరిదాలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. ఊళ్లో తెలుగువాళ్లందరికీ అన్నయ్యే. ఆయన పేరు నాకు తెలుసు గానీ ఒక్కరోజు తప్ప ఏనాడూ నోటితో అనలేదు, ఇక్కడా రాయను. ఎంతమంది చెవుల్లో పిలిచాడో లెక్కలేదు. పిలిచి, కాసేపు అలాగే వంగి ఉండి, తలెత్తి ఎత్తమనేవాడు. ఆయన అలా అంటే, ఇంక ఏడవడానికి భయం లేదన్నట్టు అందరూ ఒక్కసారి ఏడ్చేవాళ్లు.

ఒక వేసవిలో ఆయన స్నేహితుడు పోయాడు. ఇద్దరూ ఒకేసారి అప్రెంటిసుల్లో చేరి, ఒకే సైకిల్ మీద వర్క్‌షాపుకి వెళ్లినవాళ్లు. ఆసుపత్రిలో డాక్టరు చూసి, పోయాడని రాసిచ్చాకే ఇంటికి తెచ్చారు. పాడె ఎత్తాక ఆడవాళ్లం ఆ ఇంట్లోనే ఉండిపోయాం. మాలో ఆడవాళ్లు కాటికి వెళ్లరు కదా. ఆయన భార్య గోడకి చేరగిలబడి, ఎవరేమన్నా తలూపుతూ కూర్చుంది.

అంతలో బయట ఒక మోటార్ సైకిల్ ఆగింది. "పలికినాడంట! మీ ఆయన పలికినాడంట!" అని ఎవరో కేకేశారు.

ఓలమ్మా, ఆ ఇల్లు ఎలా అయిపోయిందో చెప్పలేను. ఒకావిడ దేవుడికి దండం పెట్టింది, ఒకావిడ కళ్లు తిరిగి పడింది. ఆయన భార్య మాత్రం లేచి మొహం కడుక్కుంది. కొత్తగా బొట్టు పెట్టుకుంది. వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించి టీ గిన్నె పెట్టింది. చావు ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించరు. ఆ నీలం మంట చూసి ఆపుదామని లేచాను. నేను ఆపేలోపే ఆమె చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తింది. నేను వెనకాల. ట్రాఫిక్ అనే మా పేట నుంచి పూరీ గేట్ దాకా ఆ ఎండలో, దుకాణాల వాళ్లు "కీ హొలో దీదీ, కీ హొలో?" అని ఏమైందో అడుగుతూ ఉంటే, ఇద్దరం రోడ్డు మీద పరిగెత్తాం.

అక్కడ మగవాళ్లంతా దూరంగా నిలబడి ఉన్నారు. అన్నయ్య నేలమీద కూర్చుని స్నేహితుడి నోటి దగ్గర చెవిపెట్టి ఉన్నాడు. "ఎత్తకండి" అంటున్నాడు. "పలికినాడు, ఎత్తకండి." ఆసుపత్రి నుంచి డాక్టరు మళ్లీ రావాల్సి వచ్చింది. చూశాడు. లేదన్నట్టు చెయ్యి ఊపి, మొహం పక్కకి తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆమె అన్నయ్యని ఒక్కటే అడిగింది. "ఏటన్నాడు?"

"ఊఁ అన్నాడమ్మా," అన్నాడు ఆయన. "పిలిస్తే ఊఁ అంటాం కదా, అలాగ."

ఎవరూ ఎత్తండి అనలేదు. వాళ్లంతట వాళ్లే ఎత్తుకుని, గబగబా వెళ్లిపోయారు. నేను ఆమెని రిక్షాలో ఇంటికి తీసుకొచ్చేసరికి టీ గిన్నె మాడి, ఇల్లంతా పొగ.

పెద్దకర్మ అయ్యాక ఆమె తమ్ముడు సంఘానికి వచ్చాడు. సంఘం గదిలో కూర్చోడానికి చోటు లేదు. "మా అక్కకి ఒక్కరోజులో రెండుసార్లు మొగుణ్ణి సంపినాడు," అన్నాడు. "ఇలాటోడు మీకు పెద్దా?" నిందపడ్డది అధ్యక్షుడి మీద కాబట్టి మీటింగు నడపాల్సింది నేనే అన్నారు. అగ్గిపెట్టె మనిషిని నడుమ కూర్చోబెట్టారు.

ఆయన తప్పించుకోవాలంటే ఎంతసేపు? ఇంజన్ హారన్ విని పొరబడ్డానంటే చాలు. ఆ మాట నేనే నోటికి అందించాను. "గోడకి అటు గూడ్సు ఉన్నాదంట కదన్నయ్యా, అదేమో?" అన్నాను.

"గూడ్సు పోయినాకే పిలిసినాను," అన్నాడు. "ఇన్నాను. ఇని కూడా ఇన్లేదని ఎలాగ సెప్తానమ్మా?"

దించేయాలన్నవాళ్లు చేతులెత్తమన్నాను. అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను. మీరేమైనా అనుకోండి, అప్పుడు అది న్యాయమే అనిపించింది. చావు ఇంట్లో టీ పెట్టుకున్న ఆడమనిషిని చూసినదాన్ని నేను. కార్యదర్శి లేచి, ఎన్నికలయ్యేదాకా ఉపాధ్యక్షురాలే అధ్యక్షురాలని చెప్పాడు. అన్నయ్య భుజం మీది తువ్వాలు తీసి ఆ చెక్క కుర్చీ దులిపాడు. "కూకోమ్మా," అన్నాడు. కూర్చున్నాను. అది ఇంకా వెచ్చగానే ఉంది.

తర్వాత చావు వచ్చినప్పుడు కొత్త తగువు మొదలైంది. "ఆడకూతురు కాటికేటి?" అన్నారు. "నన్ను కుర్సీలో కూకోబెట్టినప్పుడు కనబడలేదేటి ఆడకూతుర్నని?" అన్నాను. పక్కకి తప్పుకున్నారు. నిజానికి నాకు పట్టుదల తప్ప ఇంకేమీ లేదు. దాంతోనే వెళ్లాను. వంగాను, చెవిలో పిలిచాను, ఒకటి, రెండు, మూడు, లేచి ఎత్తండి అన్నాను. కౌంటర్లో టిక్కెట్టు కొట్టినట్టు పని అయిపోయింది. తలెత్తి చూస్తే రోడ్డుకి అవతల, సైకిల్ రిపేరు దుకాణం పక్కన, అన్నయ్య నిలబడి ఉన్నాడు. అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని వింటున్నాడు.

మర్నాడు పొద్దున్నే మా గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"పలికినాడేటి?" అన్నాడు.

"లేదన్నయ్యా."

"సరిగ్గా ఇన్నావా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఇనడానికేటుంది? సచ్చిపోనాడు."

"అదేనమ్మా తప్పు," అన్నాడు, కోపం లేకుండా. "పిలిసినావు గానీ, ఇన్లేదు. ఏ ఊరికో సెప్పకముందే కిటికీ మూసీసినావు."

ఆయన వెళ్లిపోయాక చాలాసేపు గేటు పట్టుకుని నిలబడ్డాను.

అప్పట్నుంచి మొదలైంది నాకు. ప్రతి చావుకీ ఆయన రోడ్డుకి అవతల నిలబడేవాడు, మర్నాడు వచ్చి అదే మాట అడిగేవాడు. నేను లేదనేదాన్ని. కానీ వినడం మొదలుపెట్టాను. మూడోసారి పిలిచాక వంగి ఆగేదాన్ని. చెవి ఒకసారి తెరుచుకుంటే మళ్లీ మూసుకోదు, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. సంఘం గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఉంటే ఎవరో ఊఁ అన్నట్టుండేది. లేచి కిటికీలోంచి చూసేదాన్ని. కూల్చేయడానికి ఖాళీ చేయించిన క్వార్టర్ల వరస, తలుపులూ కిటికీలూ పీకేసిన గోడలు తప్ప ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఆ ఇళ్లల్లో ఉన్నవాళ్ల పేర్లన్నీ నాకు తెలుసు. ఆ దారిన నడుస్తూ ఉంటే పేర్లు వాటంతటవే నోటికి వచ్చేవి. అంటే ఏమవుతుందోనని పెదాలు బిగించుకుని నడిచేదాన్ని.

ఇంట్లో ఇంకా అన్యాయం. మా ఆయనకి చెవుడు. వంటింట్లోంచి పిలుస్తాను, పలకడు. అదివరకైతే తిట్టుకుని మళ్లీ పిలిచేదాన్ని. ఇప్పుడు రెండోసారి పిలవడానికి భయం. చేతిలో గరిటెతోనే పరిగెత్తి చూసేదాన్ని. పేపరు చదువుకుంటూ ఉండేవాడు. "పలికినానే తల్లీ, పలికినాను. సంతకం పెట్టమంటావేటి?" అనేవాడు. నవ్వు రాక కాదు, దాంతోపాటే నాకు ఏడుపొచ్చేది. ఎన్నికలు పెట్టండయ్యా, ఈ కుర్చీ ఎవరైనా తీసుకోండి అని ప్రతి మీటింగులో అడిగాను. "మీరుండగా ఇంకెందుకమ్మా" అన్నారు. పిలిచే పని వాళ్లెవరికీ వద్దు.

ఆ మధ్య ఒకరోజు అన్నయ్యకి బాగులేదంటే ఖరిదాకి వెళ్లాను. మంచం మీద లేచి కూర్చున్నాడు. నాకు చెప్పడానికే దాచుకున్నట్టు, వెళ్లగానే మొదలుపెట్టాడు.

"నాకెవులూ లేరు. నువ్వే పిలవాల. అన్నయ్యా అని పిలవకు, అక్కడ నలుగురు తిరుగుతారు. పేరెట్టి పిలు."

"ఏటా మాటలు అన్నయ్యా."

"ఎత్తమనేదీ నువ్వే. రూఢిగా తెలిసేదాకా ఎత్తమనకు. నాకదొక్కటే బయం. నాను పలుకుతా ఉండగా ఎత్తీస్తారేమోనని."

ఆయన భయపడగా నేను అదే చూడ్డం. ఎంతమందినో సాగనంపిన మనిషి, చిన్నపిల్లాడిలా నా చెయ్యి పట్టుకున్నాడు. "ఠీక్ హై అన్నయ్యా," అన్నాను. "మాటిచ్చినాను."

వానాకాలం వెళ్లక ముందే పోయాడు. పక్కగది బెంగాలీ దాదా ఫోన్ చేసి చెప్పాడు. ఆయన చుట్టాలని ఎక్కడ వెతకాలో కూడా ఎవరికీ తెలియదు. నలుగురం కలిసి చేయాల్సినవన్నీ చేశాం. దించేసినవాళ్లే భుజం పట్టారు. అందులో మా ఆయన ఒకడు. కార్యదర్శి ఒకడు. స్నేహితుడి బావమరిది, ఆ రోజు ఫిర్యాదు చేసినవాడు, తనే వచ్చి నాలుగో కొమ్ము పట్టాడు.

పూరీ గేట్ దాటి గోడ పక్కన దింపారు. గూడ్సు పోతోంది. బొగ్గు వ్యాగన్లు, ఎంతకీ తెగవు. తెగకూడదనే నేను కోరుకున్నాను. చివరి వ్యాగన్ కూడా పోయింది. రోడ్డుకి అవతల, సైకిల్ దుకాణం పక్కన ఎవరూ లేరు. ఆ ఖాళీ చోటు చూసేసరికి ఆయన నిజంగా పోయాడని నాకు మొదటిసారి తెలిసింది.

వంగాను. పెద్దాయన్ని పేరుపెట్టి ఎలా పిలవను? మా ఆయన వెనక నుంచి "పిలు" అన్నాడు. పిలిచాను. ఆ పేరు నా గొంతులో నాకే కొత్తగా వినబడింది. రెండోసారి పిలిచాను. మూడోసారి ఇంకొంచెం గట్టిగా, నిద్రలేపుతున్నట్టు పిలిచాను. పిలిచి, చెవి ఆయన నోటి దగ్గర పెట్టాను.

లైను మీద పట్టాలు సన్నగా మోగుతున్నాయి. ఎవరి జేబులోనో ఫోన్ కొట్టుకుంటోంది. పక్కన తుమ్మపొదలో ఏదో పిట్ట. వీటన్నిటి కిందా ఇంకేదో ఉందేమోనని విన్నాను. ఉన్నట్టే ఉంది. లేనట్టే ఉంది. నా ఊపిరి ఆపి విన్నాను. వెనక వాళ్లు కదలడం మానేశారు. తలెత్తితే అందరూ నా మొహమే చూస్తున్నారు, కార్యదర్శి పెదాలు తెల్లబడ్డాయి. వీళ్లకి నా మీద ఉన్నది గౌరవం కాదు. నేను కూడా అదే మాట అంటానేమోనని భయం.

రూఢిగా తెలిసేదాకా అన్నాడు. ఎంతసేపు ఉంటే రూఢి అవుతుంది? డాక్టరు కాగితం ఉంది. ఒళ్లు చల్లగా ఉంది. అయినా నాకు తెలియలేదు, ఒట్టు. ఇంకో వంద గూడ్సులు పోయినా తెలిసేది కాదు. మా ఆయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఎండెక్కుతోందే," అన్నాడు మెల్లగా.

లేచాను. "ఎత్తండి," అన్నాను.

నా గొంతు మామూలుగానే వచ్చింది. వాళ్లు ఎత్తుకున్నారు. కాటి దాకా నడిచానో, ఎవరైనా నడిపించారో గుర్తులేదు.

తిరిగి వచ్చేసరికి మా వీధి కొళాయి దగ్గర ఆయన స్నేహితుడి భార్య నిలబడి ఉంది. కాటి నుంచి వచ్చినవాళ్ల కాళ్లమీద నీళ్లు పోయడానికి ఎవరో ఒకరు ఉంటారు. ఆమె వస్తుందని నేను అనుకోలేదు. ఆ సంగతి జరిగాక ఆమె సంఘం గడప తొక్కలేదు, మేమూ ఆమె దగ్గర ఆ మాట ఎత్తలేదు. మగవాళ్లు కడుక్కుని వెళ్లిపోయేదాకా ఆగి, నా దగ్గరికి వచ్చింది.

"పలికినాడేటప్పా అన్నయ్య?"

పలికాడని చెప్పాలని ఎంత అనిపించిందో. "లేదమ్మా," అన్నాను.

"బాగా ఇన్నావా?"

"ఇన్నాను తల్లీ. నాకు సేతనైనంతసేపు ఇన్నాను."

ఆమె బకెట్‌లోకి చూస్తూ నిలబడింది. "ఆవేళ నువ్వు నా ఎనకాలే పరిగెత్తినావు కదా," అంది. "నానేటి అనుకుంటన్నానో తెలుసా? ఆయన్ని తిట్టుకుంటన్నాను. ఇంత బయపెడతావేటి, ఇంటికి రా సెప్తాను నీ పని అని. ఆ రోడ్డంతా తిట్టినాను. మొగుడు బతికున్నోళ్లు తిట్టినట్టే తిట్టినాను."

ఆమె కొళాయి కట్టేసింది.

"అందరూ మొగుడు పోనాడని ఏడిసి ఊరుకుంటారు. నాకు అన్నయ్య ఇంకా అంత దూరం మొగుణ్ణి ఇచ్చినాడు. గేటు దాకా. నా కోసమని మీరందరూ సేతులెత్తి ఆయన్ని దించీసినారంట." తలెత్తి నా మొహంలోకి చూసింది. "నన్నొక్కరు అడిగినారేటప్పా?"

"మరి అప్పుడే వచ్చి సెప్పకపోయినావా?" అన్నాను.

"ఎవులికి సెప్పాల?" అంది. "కుర్సీలో నువ్వున్నావు."

తర్వాత ఆమె కొంగు బొడ్లో దోపుకుని, చెంబు ముంచింది. "కాళ్లు ముందుకెట్టు," అంది. పెట్టాను. నీళ్లు చల్లగా ఉన్నాయి.